గోడకు పెట్టిన బొట్లు

“పిల్ల ఎందుకు రావద్దు? దానికి ఇంగ్లీషు మనందరికంటె మంచిగొస్తది.”

“ఇంగ్లీషు వచ్చుడు వేరు, ఆ గదిల కూసునుడు వేరు. నిత్య బడికి పోతది. నేను దవాఖానకు పోత.”

“మరి డాక్టర్ ఏమంటున్నదో నీకెవరు చెప్తరు?”

“దవాఖానోళ్ళే తెలుగు మనిషిని పిలుస్తరు. స్వప్నతోని ఫోన్ చేయించి అడిగిన. వస్తదన్నరు.”

“బయటి మనిషినా? అమ్మా, ఈ ఊర్ల తెలుగోళ్ళు ఎంతమంది? ఎవరొచ్చినా మనకు తెలిసినోళ్ళే అయితరు. రేపు ఉగాది కాడ అందరి నోట్ల నీ ముచ్చటే ఉంటది.”

“ఉండనీ. నోరు నొస్తే వాళ్ళే ఊకుంటరు.”

మొన్న సాయంత్రం వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లోని మా వంటింట్లో నాకూ మా అబ్బాయి రవికీ నడిచిన మాటలివి. ఆ సమయానికి పొయ్యి మీద గిన్నెలో నిమ్మ ఆకులు మరుగుతున్నాయి. కాయ కాదు, ఆకు. కాయ వాసన ముక్కును పొడుస్తుంది. ఆకు వాసన అట్లా కాదు, మెల్లగా వచ్చి పక్కన కూర్చుంటుంది. రవి గొంతు పెంచుతున్న కొద్దీ నేను గిన్నె మీదికి వంగి ఆ ఆవిరి పీల్చుకుంటూ నిలబడ్డాను. ఆ వాసనను నాకు నేర్పిన మనిషి పైడమ్మక్క. ఆమె నా పక్కింట్లో ఉండి ఉండకపోతే ఈ తగువే వచ్చేది కాదు. కొడుకు చెప్పినట్టు విని, పన్నెండేళ్ళ మనుమరాలి చెయ్యి పట్టుకుని ఆ డాక్టరు గదిలోకి పోయేదాన్ని.

సంగతి ఏమిటంటే, నా రొమ్ములో ఒక గడ్డ కనిపించింది. ఫోటో తీశారు, సూది వేసి ముక్క తీసుకున్నారు. అది ఏమిటో చెప్పడానికి మర్నాడు పొద్దున రమ్మన్నారు. కోడలు స్వప్నకు ఆ పూట డ్యూటీ. రవి కారులో దింపుతానన్నాడు కానీ గదిలోకి మాత్రం రాలేడు. తల్లి రొమ్ము గురించి డాక్టరు చెప్తుంటే పక్కన కూర్చుని వినడం ఏ కొడుక్కి చేతనవుతుంది? ఆ మాటే వాడి నోట రాలేదు, “నీ ముచ్చట” అన్నాడు. అందుకని వాడికి తోచిన ఉపాయం నిత్య. మా వాళ్ళ ఇళ్ళల్లో ఇది కొత్తేమీ కాదు. బ్యాంకుకైనా, కరెంటు వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలన్నా పిల్లలనే ముందుకు తోస్తాం. వాళ్ళు ఈ దేశం పిల్లలు కదా అంటాం.

నా చదువు మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను. ఇంగ్లీషులో నాకు తెలిసినవి బస్సు నంబర్లూ, సరుకుల ధరలూ. మా ఆయన పోయిన తరువాత, నిత్య ఇంకా పాలు తాగుతుండగా, దాన్ని చూసుకోవడానికి ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి చలికాలంలో నేను చేసిన పనల్లా ఒకరు గదిలోంచి బయటికి రాగానే వెనకాలే పోయి లైటు ఆర్పడం. హీటరు అంటే నాకు కంటగింపు. ఒంటి మీద రెండు స్వెటర్లు ఉండగా గాలికి వేడి ఎందుకు? బ్రెడ్డు వచ్చిన కవర్లు కడిగి ఆరేసేదాన్ని. స్వప్న నన్ను చూసి నవ్వేది, ఆ కవర్లలోనే కొత్తిమీర దాచుకునేది.

ఈ లోయలో గాలి మామూలు గాలి కాదు. పెరట్లో గొడుగులా తిరిగే దండెం మీద ఒకనాడు దుప్పటి ఆరేస్తే, అది ఎగిరి కంచె అవతల పడింది. పోయి చూస్తే పక్కింటి నిమ్మచెట్టు మీద పరుచుకుని ఉంది. దాని పక్కన పూల గౌను మీద మగవాళ్ళ కోటు వేసుకుని, కాళ్ళకు మేజోళ్ళూ చెప్పులూ తొడుక్కున్న ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఇంగ్లీషులో ఏమనాలో తెలియక నేను వేలితో దుప్పటి చూపించాను.

“మీ దుప్పటికి సెట్టెక్కే వయసొచ్చినాది తల్లీ,” అంది ఆమె తెలుగులో.

ఆ తెలుగు నేను ఎక్కడా విన్న తెలుగు కాదు. విజయనగరం దిక్కు నుంచి ఆమె తాతనూ నాయనమ్మనూ చెరుకు కొట్టడానికి ఓడెక్కించి ఫిజీకి తీసుకుపోయారట. ఆమె అక్కడే పుట్టింది, అక్కడే పెళ్ళాడింది, అక్కడే భర్త పోయాడు. అక్కడ గొడవలు జరిగిన తరువాత కొడుకు వెంట ఇక్కడికి వచ్చింది. ఇండియా మొహం ఎన్నడూ చూడలేదు. తాత ఓడలో తెచ్చుకున్న తెలుగును అట్లాగే వాడుకుంటూ వచ్చింది, మధ్యలో హిందీ ముక్కలు కలిపి. మా వైపు మాటలు ఆమెకు వింత, ఆమె మాటలు నాకు వింత. అయినా ఆ పూట కంచె మీద మోచేతులు ఆన్చి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పోయేటప్పుడు ఆమె కాయలు ఇస్తుందనుకున్నాను. గుప్పెడు ఆకులు తుంచి చేతిలో పెట్టింది.

“పండు ఎవుడైనా అడుగుతాడు. ఆకు ఎవుడూ అడగడు. మరగెట్టుకుని తాగు, టీ పొడి కొననక్కర్నేదు.”

టీ పొడి కొనక్కర్లేదన్న మాటతో ఆమె నాకు అక్క అయింది.

ఆమె చెప్పే మాటలకు నేను ఉలిక్కిపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. మొదటిది ఒక భజన నాడు. ఒక తెలుగువాళ్ళ ఇంట్లో భజన అయ్యాక ఆడవాళ్ళం కూర్చుని టీ తాగుతున్నాం. ఎవరో ఊళ్ళో తమ పెద్దమ్మకు “అది” వచ్చిందని గొంతు తగ్గించి చెబుతున్నారు. అది అంటే ఏదో అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. మేమంతా అయ్యో అని తలలు ఊపుతుంటే పైడమ్మక్క గట్టిగా, “కేన్సరా? నాకూ అయినాది. ఇటేపు తీసేసినారు,” అంది, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. కాసేపటికి కప్పులు తీసేటప్పుడు ఆ ఇంటావిడ పైడమ్మక్క కప్పును విడిగా పెట్టడం నేను చూశాను. పైడమ్మక్క కూడా చూసింది.

ఇంటికి వచ్చే దారిలో నేనే కోపం చేశాను. అందరి ముందట ఆ పేరు తీయాల్సిన పనేముంది, అది పిలుపుకు పలికే జబ్బు అంటారు పెద్దలు, అన్నాను. ఆమె నడక ఆపింది.

“పిలిత్తే వచ్చేదే అయితే, నానెప్పుడూ పిలవనేదు గదా. నాకెందుకొచ్చినాది?”

నేను కొంగు బిగించుకుని ముందు నడిచాను.

ఆ కథ మొత్తం ఆమె నాకు చెప్పింది చేమ ఆకులు కోస్తున్నప్పుడు. ఫిజీ వాళ్ళు చేమ ఆకును కొబ్బరిపాలలో వండుతారు. ఈనెలు తీయడం పెద్ద పని, ఇద్దరు కూర్చుంటే తొందరగా తెములుతుంది. ఈ దేశం వచ్చిన తొలి ఏడాదే ఆమెకు గడ్డ కనబడిందట. ఆమెకు ఇంగ్లీషు రాదని కాదు. వచ్చింది బజారు ఇంగ్లీషు, వంకాయలు బేరం చేసేంత. కొడుకూ కోడలూ పనుల్లోకి పోయారు, పదేళ్ళ మనుమరాలు షాలిని వెంట వచ్చింది. డాక్టరు పిల్ల వైపు చూసి చెప్పాడు. పిల్ల విన్నది. నాయనమ్మ మొహం చూసింది. చాలాసేపు ఏమీ చెప్పలేదట. చివరికి, “నానీ, చిన్న పుండు అంట. కడుగుతారంట,” అంది. వాళ్ళింట్లో నాయనమ్మనూ నానీ అనే పిలుస్తారు. సంతకం పెట్టమంటే పైడమ్మక్క పెట్టింది. పుండు కడిగించుకోవడానికి పోయి, మెలకువ వచ్చి చూసుకుంటే ఒక పక్క ఏమీ లేదు.

నేను ఈనె తీస్తున్న ఆకు చిరిగిపోయింది. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని గిన్నెలో వేసింది.

“రొమ్ము పోయినాదని కాదే. నాకింక దాంతో పనేటి? అంత పెద్ద మాట తెచ్చి ఆ పిల్ల నోట్లో ఎట్టినారు. మింగనేదు, ఉమ్మనేదు. ఏడాది దాకా నా పక్కలోకి రానేదది. తనే కోయించినట్టు నన్ను సూసి దాక్కునేది.”

నాకు ఓదార్చడం చేతకాదు. ఇంకొక ఆకు తీసుకుని ఈనె లాగుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఆడుకుంటున్న నిత్యను ఊరికే దగ్గరకు తీసుకుంటే అది గింజుకుని పారిపోయింది.

కొంతకాలానికి పైడమ్మక్క క్లినిక్ నుంచి ఒక కబురు మోసుకొచ్చింది. కేన్సర్ విషయంలో మన ప్రాంతంలో ఇక ముందు ఏమేమి చేయాలో సర్కారు వాళ్ళు ఒక ప్లాన్ రాస్తున్నారట. రాయబోయే ముందు జనాన్ని అడుగుతారట. శనివారం హాలులో మీటింగు, ఎవరైనా రావచ్చు. పైడమ్మక్క ఇల్లిల్లూ తిరిగి తెలుగు ఆడవాళ్ళను పోగుచేసింది. భజన నాడు కప్పు విడిగా పెట్టిన ఇంటావిడను కూడా పిలిచింది. నేను మాత్రం రానన్నాను. సర్కారు వాళ్ళు అడిగినట్టు చేస్తారు, మనం చెప్పినట్టు రాసుకుంటారు, ఇంటికి పోయినంక వాళ్ళకు తోచినట్టు చేస్తారు. దానికి మనం శనివారం పాడుచేసుకోవడం దేనికి?

“అడగందే అమ్మైనా ఎట్టదు అంటారు. ఈల్లు అమ్మ కూడా కాదు,” అంది పైడమ్మక్క. “టీ, కేకు ఊరికే ఇత్తారంట.”

ఊరికే అన్న తరువాత రానని ఎట్లా అంటాను?

హాలులో మా ఆడవాళ్ళం ఒక వరుస. మిగతా వరుసల్లో ఇక్కడి తెల్లవాళ్ళు, అంటే కివీ ముసలివాళ్ళు, ఈ నేలకు మొదటివాళ్ళయిన కొందరు మావోరి పెద్దలు, చేతికర్రలు పట్టుకున్నవాళ్ళు, తలకు ఉన్ని టోపీలు పెట్టుకున్నవాళ్ళు. మీటింగు నడిపించే అమ్మాయి పేరు రేచెల్, ఎర్రటి చెంపల పిల్ల. యూరప్‌లో కొన్ని దేశాల్లో ఇట్లాంటి సంగతులు తేల్చే బల్ల దగ్గర జబ్బుపడి లేచిన మనుషులకు కూడా కుర్చీ వేస్తున్నారనీ, ఇక్కడా అట్లా జరగాలనీ, అందుకే మమ్మల్ని పిలిచామనీ చెప్పింది. పైడమ్మక్క మాకు తెలుగు చేసి చెప్పింది. “కుర్సీ ఏత్తారంట” అని ఆమె రెండుసార్లు అంది, ఆ మాట ఆమెకు నచ్చింది.

ఎవరికి ఏ ఇబ్బంది ఉందో చెప్పమన్నారు. ఒక్కొక్క ఇబ్బందినీ పెద్ద తెల్లకాగితం మీద లావుపాటి పెన్నుతో రాసి గోడకు అంటించారు. పరీక్షకు పిలిచేదాకా పట్టే కాలం. రోజూ వైద్యానికి రైలెక్కి పోవలసి రావడం. కారు పార్కింగు. ఆసుపత్రి తిండి. పైడమ్మక్క లేచి నిలబడింది. వంకాయలు బేరం చేసే ఆ ఇంగ్లీషుతోనే షాలిని సంగతి చెప్పింది. కన్నీళ్ళు పెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. పిల్ల పదేళ్ళది, పిల్ల చెప్పింది, నాకు తెలియదు, ఇట్లా నాలుగు ముక్కలు. రేచెల్ కొత్త కాగితం తీసి, పిల్లల చేత జబ్బు మాటలు చెప్పించవద్దు, భాష తెలిసిన పెద్ద మనిషిని పిలవాలి అని రాసి అన్నిటికంటె చివర అంటించింది.

అప్పుడు రేచెల్ ఒక్కొక్కరికీ ఒక చిన్న అట్ట ముక్క పంచింది. దాని మీద వరుసగా ఎర్రటి, గుండ్రటి చుక్కలు, వెనక జిగురు. మా వరుసలో నవ్వులు లేచాయి. “అరె, స్టిక్కర్ బొట్లు” అంటూ ఒక చిన్నామె ఒకటి తీసి నుదుట అంటించుకుంది కూడా. రేచెల్ నాకూ ఇచ్చింది. ఆయన పోయినప్పటి నుంచి నా చేతికి బొట్టు అందించినవాళ్ళు లేరు. ఆ పిల్లకు అదేమి తెలుసు? నవ్వుతూ ఇచ్చి ముందుకు పోయింది. నేను ఆ అట్టను రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చున్నాను.

మీకు ఏది ముఖ్యమనిపిస్తే ఆ కాగితం మీద చుక్కలు పెట్టండి, అన్నీ ఒకదానికే పెట్టినా సరే అన్నారు. ఎక్కువ చుక్కలు పడినవే ముందుగా పై వాళ్ళ దగ్గరకు పోతాయట. మా ఆడవాళ్ళు లేచారు. నేను మాత్రం నావి చేతిలోనే ఉంచుకున్నాను. ఏది ఖర్చుపెట్టాలన్నా నాకు కొంతసేపు పడుతుంది. వాళ్ళు గోడ పొడుగునా ఒకరి వెనక ఒకరు నడుస్తూ, ఒక్కో కాగితం ముందు ఆగి, ఒక్కో బొట్టు పెట్టుకుంటూ పోయారు. పేరంటంలో చేసినట్టే. కూర్చున్నవాళ్ళలో ఒకరికి పెట్టి ఒకరిని వదిలేస్తే ఎంత తప్పు! ఆసుపత్రి తిండి కాగితం బోసిగా ఉందని ఒకామె వెనక్కి వచ్చి మరీ దానికి ఒకటి పెట్టింది.

కివీ ముసలివాళ్ళు అట్లా కాదు. తమకు కావలసినదాని మీద తమవన్నీ కుప్పగా అంటించారు. పార్కింగు కాగితం అమ్మవారి మొహంలా ఎర్రబడింది. పైడమ్మక్క కాగితం మీద తలా ఒక చుక్క, అక్కడక్కడా. రేచెల్ లెక్క మొదలుపెట్టబోతుంటే పైడమ్మక్క గోడ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

“ఏటే, ఏటి సేసినారే? పేరంటం అనుకున్నారా? అన్నిటికీ ఎడితే దేనికీ ఎట్టనట్టే.”

మా వాళ్ళు నాలుక కరుచుకున్నారు. ఇప్పుడేమి చేయాలి, తీసి పెడదామా అని ఒకామె అంటే, ఇంకొకామె మెల్లగా, “పెట్టిన బొట్టు ఎట్ల తీస్తం అక్కా?” అంది. అంతే, అందరి చేతులూ వెనక్కి పోయాయి. అవి కాగితపు చుక్కలని వాళ్ళకు తెలియక కాదు. తెలిసినా చెయ్యి పోదు. భర్తలు ఇళ్ళల్లో టీవీ చూస్తూ చల్లగా ఉన్నారు, వీళ్ళు ఇక్కడ వరుసగా నిలబడి బొట్లు చెరపాలా?

పైడమ్మక్క నా వైపు తిరిగింది.

“నీకూ నాకూ అడ్డేటే? మనకి తీసేది ఎప్పుడో తీసేసినారు. నెగు.”

నేను లేచాను. పైడమ్మక్క చెయ్యి ఎత్తి రేచెల్‌ను అడిగింది. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు, వెనక ఉన్న పెద్దాయనను అడిగి వచ్చింది. ఎవరి చుక్క ఎక్కడ ఉండాలో వాళ్ళే చెబితే మార్చుకోవచ్చన్నారు. ఇక చూడండి. మా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాగితం ముందు నిలబడి, ఇది నాది, అటు పెట్టండి అని వేలు చూపిస్తారు. పైడమ్మక్క ఒక వైపు, నేను ఒక వైపు, గోరు పెట్టి ఒలిచి తీసుకుపోయి చివరి కాగితం మీద పెడతాం. ఒలిచిన చుక్కకు జిగురు సరిగ్గా ఉండదు, బొటనవేలితో గట్టిగా అదిమి పట్టాలి. శుభకార్యాల్లో ఇన్నేళ్ళూ వెనక్కి తీసుకున్న చేతులు మావి. ఆ మధ్యాహ్నం అవి లేకపోతే పని నడవలేదు.

కప్పు విడిగా పెట్టిన ఇంటావిడ తనవన్నీ ఇటే పెట్టించింది. బొట్టు పెట్టుకున్న చిన్నామె నుదుటి మీది చుక్క కూడా తీసి ఇవ్వబోయి, నాలుక కరుచుకుని మళ్ళీ అంటించుకుంది. ఒకామె మాత్రం పార్కింగు దగ్గర నుంచి కదల్లేదు.

“నాది ఇక్కడే ఉండనీయండి ఆంటీ. కారు పెట్టడానికి మా ఆయన గంట తిరుగుతాడు.”

“ఉంచుకో తల్లీ, నీ బొట్టు నీ ఇట్టం,” అని పైడమ్మక్క పకపకా నవ్వింది.

ఆఖరికి నా అట్ట మిగిలింది. నా చుక్కలన్నీ ఆ ఒక్క కాగితం మీదే పెట్టాను. తిరిగి వస్తూ ఆ ఖాళీ అట్ట మడిచి సంచిలో వేసుకున్నాను.

పైకి వెళ్ళినవాటిల్లో ఆ కాగితం కూడా ఉంది. చాలాకాలం తరువాత ఆ ప్లాన్ అచ్చయిన పుస్తకం ఒకటి ఆమె ఇంటికి వచ్చింది. షాలినే మా కాగితం మాట ఉన్న వరుస వెతికి పట్టుకుని, దాని మీద నాయనమ్మ వేలు తీసుకుని ఆనించింది. ఇంత లావు పుస్తకంలో మనది ఒక్క వరుసేనా అన్నాను నేను. “ఉప్పు మాత్రం కుండెడు ఏత్తామా ఏటి?” అంది పైడమ్మక్క.

ఆ తరువాత ఆమెకు నిజంగానే కుర్చీ వేశారు. అప్పుడప్పుడు వెల్లింగ్టన్‌లో కూర్చుని మాట్లాడుకునే ఆ బల్ల దగ్గరకు ఆమెనూ పిలిచేవారు. రెండు మూడుసార్లు నేనూ రైలులో తోడు పోయాను. ఫ్లాస్కులో నిమ్మాకు నీళ్ళు పోసుకుని బయట కూర్చునేదాన్ని. తలుపు సందులోంచి ఆమె గొంతు వినబడేది, వినీ వినీ నాకూ అర్థమైపోయిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు: నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి, ఇంకా మెల్లగా. సిగ్గు లేకుండా మళ్ళీ మళ్ళీ అడిగేది. బయటికి వచ్చాక, ఏం మాట్లాడినారని అడిగితే ఒకసారి, “కుర్సీల గురించి” అంది. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకు చేతులు లేని కుర్చీలోంచి లేవడం కష్టమట, వెయిటింగ్ రూములో చేతులున్న కుర్చీలు కావాలట. రైలు దిగేదాకా అదే మాట. అన్నిటినీ ఒప్పుకున్నారా అంటే లేదు. చాలావాటికి చూద్దాం అన్నారట. చూద్దాం అన్న ప్రతిదాన్నీ మర్చిపోకుండా తరువాతి సారి పోయి, చూసినారా అని అడిగేది.

జబ్బు తిరిగి వచ్చింది. ఈసారి హిందీ తెలిసిన ఇంటర్‌ప్రెటర్ వచ్చాడట, నడివయసు మనిషి. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాడట. ఆమె ఇంటికి వచ్చి షాలినిని నిమ్మచెట్టు కిందికి పిలిచి తన నోటితో తనే చెప్పింది. అప్పటికి షాలిని ఎదిగిన పిల్ల. కంచె ఇవతల బట్టలు ఆరేస్తున్న నాకు మాటలు వినబడలేదు కానీ, షాలిని ఆమె భుజం మీద తల పెట్టడం కనబడింది. పక్కలోకి రాకుండా దాక్కున్న పిల్ల ఆ తరువాత ఆ మంచం వదలలేదు. పైడమ్మక్క ఒక చలికాలం పొద్దున నిద్రలోనే పోయింది. కొన్నాళ్ళకు కొడుకు ఇల్లు అమ్మేసి ఆక్లాండ్‌లో ఫ్లాట్ బుష్ అనే పేటకు మారాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్ళు. నిమ్మచెట్టు కొమ్మ ఒకటి మా వైపు వంగింది. కాయలు వాళ్ళు కోసుకుంటారు. ఆకులు నేను కోసుకుంటాను, ఇప్పటికీ వాటిని ఎవరూ అడగరు.

ఇదంతా మొన్న రవికి నేను చెప్పలేదు. అంత పొడుగు కథ వినే ఓపిక కోపంలో ఉన్న మనిషికి ఉండదు. పిల్ల రాదు, అంతే, అన్నాను. వాడు అటూ ఇటూ తిరిగాడు. అంత ఇబ్బందయితే తనే గదిలోకి వస్తానన్నాడు, అంటూనే వాడి చెవులు ఎర్రబడ్డాయి. నువ్వు బయట కూసో బిడ్డా అన్నాను. మా మాటలు విని నిత్య తన గదిలోంచి వచ్చింది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం మటుకు ఇంగ్లీషే.

“నానమ్మా, ఐ కెన్ డూ ఇట్. ఐ నో ఆల్ ద వర్డ్స్.”

“నీకు తెలుసు బిడ్డా. అందుకే వద్దంటున్న.”

స్వప్న నిత్య లంచ్ డబ్బా కడిగి బోర్లించింది. రవి “నీ ఇష్టం” అని బయటికి పోయాడు. పడుకోబోయే ముందు నా గదిలోకి వచ్చి, నన్ను అడగకుండానే హీటరు పెట్టి పోయాడు. నేను ఆర్పలేదు. నిమ్మాకు నీళ్ళు తాగి దుప్పటి కప్పుకున్నాను.

మర్నాడు పొద్దున నిత్య డబ్బా తీసుకుని బడికి వెళ్ళింది. రవి నన్ను ఆసుపత్రికి తీసుకుపోయి, గది బయట కూర్చున్నాడు. వాడు కూర్చున్న కుర్చీకి చేతులు ఉన్నాయి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ ముందే వచ్చి ఉంది. రవి అన్నట్టే తెలిసిన మనిషి, పోయిన ఉగాదికి నాకు పులిహోర వడ్డించిన అమ్మాయి. “ఆంటీ, ఇక్కడి మాట ఈ గది దాటదు,” అంది. డాక్టరమ్మ నా మొహం చూసి చెప్పింది, ఆ అమ్మాయి తెలుగు చేసింది. కేన్సరే. చిన్నది. గడ్డ వరకు తీస్తారు, రొమ్ము ఉంటుంది. నేను మళ్ళీ చెప్పమన్నాను, ఇంకా మెల్లగా. మళ్ళీ చెప్పారు. గోడ మీది గడియారం చూశాను. ఆ వేళకు నిత్యకు లెక్కల క్లాసు.